కాలిపట్టీ కింద

ప్రభావతి విసిరిన క్రీమ్ సీసా గచ్చు మీద పడి, దొర్లుకుంటూ పోయి, కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర ఆగింది. పగల్లేదు. ప్లాస్టిక్ సీసా.

“సూడు, పగల్నేదు,” అంది ప్రభావతి. “నా ఇంట్లో పగలాల్సినవేవీ పగలవు.”

కోడలు నాగశ్రీ ఇంకా బరువు మిషన్ మీదే ఉంది. ముల్లు ఆగింది. కిందటి శుక్రవారం కంటే రెండు కేజీలు ఎక్కువ. ప్రభావతి వంగి ఒకసారి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని ఇంకోసారి చూసింది. ఆ తర్వాతే సీసా విసిరింది.

“దిగవే. నిలబడితే తగ్గుతాదా?”

నాగశ్రీ దిగింది.

ఆ మిషన్ కొన్నది గిరీష్ కోసం. కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లో నీరు నిలుస్తుంది. డయాలసిస్‌కి వెళ్ళే ముందు, వచ్చిన తర్వాత బరువు చూస్తే ఎంత నీరు చేరిందో, ఎంత తీశారో తెలుస్తుంది. దాని మీద నాగశ్రీ ఎక్కడం విశాఖ డాక్టరు మాటతో మొదలైంది. మొగుడూ పెళ్ళాల రక్తం గ్రూపు కలిసింది, ఆవిడ కిడ్నీ ఇవ్వచ్చు, కానీ ఈ బరువుతో ఆపరేషన్ బల్ల ఎక్కించను అన్నాడాయన. తగ్గి వస్తే మిగతా పరీక్షలన్నీ చేద్దాం అన్నాడు. రమ్మన్న రోజు మంగళవారం. మధ్యలో మూడు రోజులున్నాయి.

“ఏటి తిన్నావు?”

“మీరు పెట్టిందే అత్తా. పొద్దున్న సోడి అంబలి. మధ్యాహ్నం గరిటెడన్నం. రాత్రి పుల్కాలు.”

“మరి రెండు కేజీలు గాలి తిని పెరిగినావా?”

“తెలీదు.”

“సుభద్ర ఇంటికి ఎల్తన్నావు. రోజూ ఎల్తన్నావు. ఏటి పెడతాది అది? సేగోడీలా, బూరెలా?”

“జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్ళాను.”

“ఆఁ, జాకెట్టు.” ప్రభావతి దండెం మీది జాకెట్టు లాగింది. లేతనీలం. రెండు చేతులతో సాగదీసి పట్టుకుంది. “ఈ ఒంటికి ఈ రంగు. గోళ్ళు తీసుకుంతన్నావు. మందారాకు నూరి తలకి పెట్టుకుంతన్నావు. మొగుడికి గ్లాసుతో కొలిసి నీళ్ళిచ్చే ఇల్లిది! నా కొడుక్కి నాలిక పిడసకట్టుకుపోతంది, నీ మడమలకి తడి కావలిసొచ్చిందా?”

గోడ అవతల చీపురు చప్పుడు ఆగింది.

“ఏటప్పా, పొద్దున్నే?” అని పక్కింటి వరహాలు గొంతు.

“ఏటీ నేదు. పిల్లి పాలగిన్నెలో మూతెట్టింది.”

“మీ ఇంట్లో పిల్లి బాగా ఒళ్ళు సేసిందనుకుంతను.”

చీపురు మళ్ళీ కదిలింది.

గది తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద గిరీష్ ఉన్నాడు. మేలుకునే ఉన్నాడని ఇద్దరికీ తెలుసు. తెల్లారగానే ప్రభావతి అతని చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కింది, తీసింది, గుంట పూడే దాకా చూసింది. ఒంట్లో నీరు చేరితే ఆ గుంట వెంటనే పూడదు. కాఫీ పెట్టడం ఆ తర్వాత. ఆ వీధిలో డయాలసిస్ మిషన్ మీద ఉన్న మనిషి ఉండే ప్రతి ఇంట్లోనూ పొద్దు అలాగే మొదలవుతుంది. మొగుడు రమణమూర్తి కాళ్ళు ప్రభావతి అలాగే నొక్కింది, ఆయన పోయే దాకా.

నాగశ్రీ గది వైపు చూసింది. గిరీష్ ఒక్క మాట అంటాడేమోనని చూసింది.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

*

డయాలసిస్ మిషన్ మీదికి మగవాడు వెళ్ళాడంటే ఆ వీధిలో ఆడది పువ్వులు మానేస్తుంది. రంగు చీరలు పెట్టెలో పెడుతుంది. అలా చెయ్యమని ఎవరూ చెప్పరు. చెయ్యకపోతే మాత్రం చెబుతారు. రమణమూర్తి మంచాన పడ్డప్పుడు ప్రభావతి దువ్వెన కూడా పక్కన పెట్టేసింది. ఆయనతో పాటు ఉప్పు మానేసింది. ఇల్లాలంటే ఆవిడే అని వీధి మొత్తం అంది.

నాగశ్రీ కూడా మానేసింది. టెక్కలిలో పుట్టి పెరిగిన పిల్ల, తహసీల్దారు ఆఫీసు గుమస్తా కూతురు. అయినా ఏడాది పాటు అద్దంలో బొట్టు పెట్టుకునేంత మేరే చూసుకుంది.

వానలు తగ్గుతున్న రోజుల్లో పలాసలో, డయాలసిస్ గది బయట, కొత్తగా వచ్చిన నర్సు అడిగింది. “అమ్మా, మీ అబ్బాయికి టిఫిన్ పెట్టేశారా?”

నాగశ్రీకి ముప్పై మూడేళ్ళు. గిరీష్ ఆమె కంటే అయిదేళ్ళు పెద్ద.

గిరీష్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో పక్కద్దంలో తనని చూసుకుంది. లావు రోజూ వింటున్నదే, దాని గురించి కొత్తగా చూడ్డానికి ఏమీ లేదు. ఆ రోజు గోళ్ళ కింద మసి కనబడింది. చంక కింద పిన్నీసు కనబడింది. మడమల పగుళ్ళలో మట్టి కనబడింది.

ఆ సాయంత్రం గోళ్ళు తీసుకుంది. మర్నాడు వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టి రాయితో రుద్దింది. ఆ తర్వాత తలంటు. ఆ తర్వాత సుభద్ర టేపు తెచ్చింది.

“పాత జాకెట్టిచ్చి ఇంకా వొదులు కుట్టమంతావు వదినా,” అంది సుభద్ర. “ఒళ్ళు దాసడానికి వొదులు. సూసినోళ్ళకి ఆ వొదులే కనబడతాది. సేతులెత్తు, కొలత తియ్యనీ.”

కొలతకి కుట్టిన జాకెట్టు తొడుక్కుంటే వంగి నడవడం కుదరదు. అలా వీపు నిలబడింది. తూకం ఒక్క కేజీ తగ్గలేదు. కానీ కాశీబుగ్గ బస్టాండులో కండక్టరు ‘జరగమ్మా’ అనడం మాని ‘కూర్చోండి మేడమ్’ అన్నాడు. విశాఖలో డాక్టరు ముందు తలుపు వార నిలబడే మనిషి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆపరేషన్ అయితే తనకేమవుతుంది, ఎన్నాళ్ళకి లేస్తుంది, తనే అడిగింది. గిరీష్ ఆమె వైపు తిరిగి చూశాడు.

ఆ రాత్రి ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని, “ఇవెవరివే? మా ఇంటివి కావు,” అన్నాడు. “పట్టీలు ఎక్కడ పెట్టేసినావు? తియ్యి.”

పెళ్ళినాటి వెండి పట్టీలు పెట్టెలోంచి తీసి తనే కొక్కెం పెట్టాడు. పట్టీ గొలుసుకి చివర వలయాలుంటాయి, కాలిని బట్టి వదులూ బిగువూ చేసుకోడానికి. ఆ రోజు లోపలి వలయంలో పడ్డ కొక్కెం ఇప్పుడు ఆఖరిదానిలో కూడా కష్టంగా పడుతోంది. నిజంగానే పెరుగుతున్నానని నాగశ్రీ అనుకుంది. ఎలా పెరుగుతోందో అర్థం కాలేదు. ముఖం మాత్రం పొద్దున్న లేచేసరికి నిండుగా, నున్నగా ఉంటోంది. క్రీమ్ పనిచేస్తోందనుకుంది. ‘మొహం తేరింది వదినా’ అని సుభద్ర కూడా అంది.

*

మందు వేళకి గ్లాసులో అతనికి డాక్టరు రాసిపెట్టిన మేర నీళ్ళు పోసి నాగశ్రీ గదిలోకి వెళ్ళింది.

గిరీష్ మాత్ర నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు సగమే తాగి, మిగతా సగం దాచుకున్నాడు.

“అమ్మ అడిగింది నిజమేనా?”

“ఏది?”

“తింతన్నావా?”

నాగశ్రీ గ్లాసు మీద పళ్ళెం మూత పెట్టింది.

“నువ్వూ అడుగుతన్నావా బావా?”

“అడగొద్దా? మిషన్ అబద్ధం సెప్పదు కదా.”

“సెప్పదు.”

“మరి ఆ రెండు కేజీలు ఎక్కడివి?”

“నాకు తెలీదు.”

అతను గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. మంగళవారం చుట్టూ గీసిన సున్నా వైపు చూశాడు.

“ఇవ్వాలని నేకపోతే సెప్పీ నాగా. నాకు కోపం రాదు. కోసి తీసేది నీ ఒంట్లోంచి, భయముంటాది. ఒద్దనుకుంటే ఒద్దని అను. బరువు పేరు సెప్పి నన్ను తిప్పకు.”

“భయమేటీ లేదు.”

“మరేటి? నువ్వు బాగున్నావు. ఆ జాకెట్టులో బాగున్నావు. సూత్తన్నాను కదా. బాగున్నోళ్ళకి ఇంకా బతుకు ఉన్నాదనిపిస్తాది. తప్పు నేదు.”

పొద్దున్న అత్త అన్న మాటలన్నీ వీధిలోకి వినబడ్డాయి. ఈ మాట గది దాటలేదు.

“రేపు డయాలసిస్‌కి రాను,” అన్నాడు గిరీష్.

“అదేం మాట?”

“ఈ నెల్రోజులూ మంగళారం ఉన్నాదనే ఎల్నాను. నీ తూకం సూసి ఆళ్ళు ఎనక్కి పంపెత్తారు. ఇంకెందుకా సూదులు? మా నాన్న ఆఖర్న ఎల్లనేదు. పడుకున్నాడు, అంతే.”

నాగశ్రీ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

“ఇటు సూడు బావా. మంగళవారం విశాఖ వస్తాను. ఈ మూడు రోజులూ మెతుకు ముట్టను. పడిపోతే మోసుకెళ్ళి మిషన్ ఎక్కించండి. రేపు మాత్రం నువ్వు లెగాలి.”

“నిన్నెవరు మోస్తారే?” అన్నాడు. నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

“లెగుస్తావా?”

“ఒట్టెయ్యి.”

ఆమె అతని అరచేతిలో చెయ్యి వేసింది. అతను ఆ చేతి గోళ్ళని చూశాడు. అటు తిరిగి పడుకున్నాడు.

*

మధ్యాహ్నం ప్రభావతి అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచింది. కంచంలో మజ్జిగ గ్లాసు ఒక్కటే పెట్టి నాగశ్రీ ముందుకి తోసింది.

“మంగళారం దాకా ఇదే.”

“అలాగే అత్తా.”

“ఆకలేత్తే నీళ్ళు తాగు. నీకు కొలత నేదు కదా.”

నాగశ్రీ మజ్జిగ తాగింది. తర్వాత చెంబుతో నీళ్ళు తాగింది. కొన్నాళ్ళుగా ఆకలిని ఆమె అలాగే అణుస్తోంది.

ప్రభావతి గుమ్మంలో కూర్చుని కొబ్బరిపుల్లలు చీరుతోంది.

“నాను నిన్ను తెచ్చుకున్నప్పుడు ఏటన్నారో తెలుసా?” అంది ప్రభావతి, పుల్ల మీంచి కళ్ళెత్తకుండా. “బొద్దు పిల్ల, ఆడికి పక్కన బాగోదు అన్నారు. ఒళ్ళున్న పిల్ల ఇల్లు మోత్తాది అన్నాను. నానే అన్నాను.”

“మోస్తన్నాను కదా అత్తా.”

“ఎవరు నేదన్నారు?” ఒక పుల్ల విరిగింది. పక్కన పడేసింది. “నాకు ఒక్కడే కొడుకు నాగా. ఈ సేతుల్తో ఒక మనిసిని సాగనంపినాను. రెండోసారి నావల్ల కాదు.”

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో పొద్దుటి అరుపు లేదు. నాగశ్రీకి పొద్దుటి అరుపే నయమనిపించింది.

*

ఎండ గోడ దిగాక నాగశ్రీ పెరట్లోకి వెళ్ళింది. డొక్కల కుప్ప దగ్గర వంగి సీసా తీసుకుంది. కొంగుతో పీచు దులిపింది.

ఎందుకు తీసిందో అడిగితే ఆమె చెప్పలేకపోయేది. పొద్దుట్నుంచి ఆ ఇంట్లో ఆమె మాట నమ్మినవాళ్ళు లేరు. ఈ వేళకి కాళ్ళు కడుక్కుని క్రీమ్ రాసుకోవడం ఒక్కటే ఆ రోజుకి ఆమె చేతిలో మిగిలింది.

కుళాయి దగ్గర రాతి మీద కూర్చుంది. పట్టీలు తియ్యబోతే రాలేదు. సబ్బు రాసి కొక్కెం లాగింది. ఒకటి వచ్చింది, రెండోది వచ్చింది. రెండింటి కిందా చర్మంలో గొలుసు అచ్చు ఉంది, ఒక్కో పూస విడిగా లెక్కపెట్టేటంత స్పష్టంగా.

మడమలు రుద్దింది. కడిగింది. తుడిచింది. క్రీమ్ తీసుకుని చీలమండ మీద బొటనవేలితో అద్దింది.

వేలు తీసింది. గుంట ఉండిపోయింది.

పట్టీ అచ్చు అనుకుంది. పైకి జరిగి, పట్టీ ఎప్పుడూ తగలని చోట, ఎముక మీద నొక్కింది. తీసింది. అక్కడా గుంట. అది పూడే దాకా చూసింది. రెండో కాలు నొక్కింది. అదీ అంతే.

ఈ గుంట ఆమెకి కొత్త కాదు. రోజూ పొద్దున్న గిరీష్ కాలి మీద చూస్తుంది. అత్త వేలు తీశాక తనూ పక్కనే నిలబడి చూస్తుంది. తన కాలి మీద వేలు పెట్టుకోవాలని ఆమెకీ తోచలేదు, ఆ ఇంట్లో ఇంకెవరికీ తోచలేదు. ఊళ్ళో అందరి కిడ్నీలూ చూడ్డానికి రక్తపరీక్షల క్యాంపు పెట్టిన రోజు ఆమె గిరీష్‌తో పలాసలో ఉంది.

అదే మిషన్ మీద కొడుకు బరువు పెరిగితే ప్రభావతి నీరు అనేది. కోడలు బరువు పెరిగితే తిండి అనేది. నాగశ్రీ కూడా తిండే అనుకుంది.

ముఖం తడుముకుంది. పొద్దుటి నిండుతనం గుర్తొచ్చింది.

“మళ్ళీ తీసినావా ఆ సీసా?”

ప్రభావతి బకెట్టుతో వచ్చింది. “సిగ్గూ నేదు, బుద్ధీ నేదు. పొద్దున్న అంత సెప్పినా...”

ఆమె కళ్ళు కోడలి కాళ్ళ మీద ఉన్నాయి. పట్టీలు రాతి మీద ఉన్నాయి.

బకెట్టు కుళాయి కింద పెట్టింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. బొటనవేలు నాగశ్రీ చీలమండ మీద పెట్టింది. నొక్కింది. తీసింది.

చూసింది.

ఇంకో కాలు ముందుకి లాక్కుంది. నొక్కింది. తీసింది. చూసింది.

కుళాయి చుక్క బకెట్టులో పడుతోంది.

“ఎప్పట్నుంచి?”

“తెలీదత్తా. ఇప్పుడే చూశాను.”

“పొద్దున్న మొహం ఉబ్బుతాదా?”

“నిండుగా ఉంటోంది. క్రీమ్ వల్ల అనుకున్నాను.”

ప్రభావతి కళ్ళు మూసుకుంది. తెరిచాక కోడలి ముఖం వైపు చూడలేదు. పట్టీలు తీసి బొడ్లో దోపుకుంది.

“అవెందుకత్తా?”

“నా కాడ ఉంటాయి.”

“రేపు బావతో పాటు నేనూ పలాసలో రక్తం ఇచ్చేస్తాను. చూస్తారు కదా. వేరేదయినా అయి ఉండొచ్చు.”

“ఇవ్వకు.”

“అత్తా!”

“మంగళారం దాకా ఇవ్వకు. ఆడికి తెలిత్తే రేపు ఆ మిషన్ కాడికి రాడు. నాకు తెలుసు ఆడి సంగతి.” ప్రభావతి గొంతు తగ్గించింది. “మంగళారం ఆ డాక్టరే సెప్తాడు. మనం సెప్పొద్దు.”

“నాలుగు రోజులు దాచాలా?”

“నాలుగు రోజులే.”

“మరి నా సంగతేటత్తా?”

ప్రభావతి రాతి మీది సీసా తీసి మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి పెట్టింది.

“అమ్మా!” లోపల్నుంచి గిరీష్ పిలిచాడు. “ఏటయింది? ఎవరితోటి మాటలు?”

ప్రభావతి నాగశ్రీ చీర అంచు పట్టుకుని కిందికి లాగింది. రెండు పాదాలూ కప్పింది. అంచు పిడికిట్లోంచి వదల్లేదు.

“ఏటీ నేదురా,” అంది.

గచ్చు మీద చెప్పుల చప్పుడయింది. గిరీష్ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఆ రోజు మంచం దిగడం అదే మొదలు. తల్లిని చూశాడు, భార్యని చూశాడు.

“పొద్దున్న అన్నదానికి సారీ సెబుదామని లెగిసినాను,” అన్నాడు. “పట్టీల సప్పుడు ఇనబడితే వంటింట్లో ఉన్నావో పెరట్లో ఉన్నావో తెలుస్తాది. ఈయాల ఇనబడనేదు.” ఆమె చీర అంచు వైపు చూశాడు. “పట్టీలేవీ నాగా?”

ప్రభావతి చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్ళి ఆగింది.

నాగశ్రీ లేచి, వీపు నిటారుగా పెట్టి నిలబడింది. చీర అంచు ఇంకా అత్త పిడికిట్లోనే ఉంది.